ఫ్రెండ్ చేతిలో గ్రాఫిక్ నవల పెట్టేముందు

మా బాబాయి కొడుకు ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్‌లో మా ఇంట్లో మూడు నెలలున్నాడు. రోజంతా ఖాళీ. వాడి ఖాళీ చూసి నాకు ఆశ పుట్టింది. అల్మారాలోంచి వాచ్‌మెన్ అనే గ్రాఫిక్ నవల, అంటే కామిక్ రూపంలో ఉన్న నవల, తీసి చేతిలో పెట్టి, "ఇది చదవరా, దీన్ని మించిన కామిక్ లేదు" అన్నాను. మూడు వారాలాగి ఎలా ఉందని అడిగితే "బాగుంది అన్నయ్యా" అన్నాడు. పెళ్ళి భోజనంలో పప్పు ఎలా ఉందంటే చెప్పే బాగుంది అది. పుస్తకం తెరిచి చూస్తే సిటీ బస్సు టికెట్ ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. సరిగ్గా మొదటి అధ్యాయంలో బొమ్మలు అయిపోయి, ఒక పాత్ర రాసుకున్న ఆత్మకథ పేజీలు మొదలయ్యే చోట. ఆ పేజీల్లో బొమ్మలకంటే అచ్చే ఎక్కువ. వాడు అక్కడే దిగిపోయాడు.

తప్పు వాడిది కాదు. ఆలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ గీసిన ఆ కామిక్ 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. అప్పటికే దశాబ్దాలుగా సూపర్‌హీరో కథలు చదివి చదివి ఉన్నవాళ్ళకి, ఆ కథల లోపలి కుళ్ళు విప్పి చూపించిన పుస్తకం. సూపర్‌హీరో కామిక్ ఒక్కటీ చదవని మనిషికి అందులో ఏది విప్పుతున్నారో ఎలా తెలుస్తుంది? పైగా పేజీకి తొమ్మిది గడులు, మధ్యలో ఓడదొంగల కథ ఇంకోటి. నాకు ఇష్టమైనది ఇచ్చాను గానీ వాడికి ఏది పడుతుందో ఆలోచించలేదు.

ఆ తర్వాత చాలామందికి చాలా పుస్తకాలిచ్చాను. కొన్ని తగిలాయి, కొన్ని తగల్లేదు. మీకు కామిక్స్ ఇష్టమై, పక్కవాళ్ళకి కూడా ఆ రుచి చూపించాలని ఉంటే, ఈ పనిని ఏ వరసలో చేస్తే బాగుంటుందో నాకు తెలిసింది చెప్తాను.

ముందు వాళ్ళేం చూస్తారో కనుక్కోండి

"నీకు కామిక్స్ ఇష్టమా?" అని అడక్కండి. దానికి జవాబు ఎప్పుడూ "చిన్నప్పుడు చదివేవాణ్ణి" అనే వస్తుంది. "ఈమధ్య రాత్రి రెండింటిదాకా మేలుకుని ఏం చూశావ్?" అని అడగండి. అసలు రుచి అక్కడ బయటపడుతుంది.

క్రైమ్ సిరీస్‌లు వరసపెట్టి చూసేవాళ్ళయితే నవోకి ఉరసావా మాన్‌స్టర్. జర్మనీలో పనిచేసే జపాన్ డాక్టరు టెన్మా, నగర మేయర్‌ని పక్కనపెట్టి, తలలో తూటా దిగిన ఒక పిల్లవాడికి ఆపరేషన్ చేసి బతికిస్తాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఏమయ్యాడన్నదే కథ. ఇంతవరకు చెప్పి ఆపేస్తే చాలు, మిగతాది వాళ్ళే అడిగి తీసుకెళ్తారు.

చరిత్ర, రాజకీయాలు మాట్లాడేవాళ్ళకి మర్జాన్ సత్రపి పెర్సెపోలిస్. ఇరాన్ విప్లవాన్ని ఇంట్లోంచి చూసిన ఆడపిల్ల ఆత్మకథ. మన దేశపు ఎమర్జెన్సీ మీద ఆసక్తి ఉంటే విశ్వజ్యోతి ఘోష్ 2010లో తెచ్చిన ఢిల్లీ కామ్ ఉంది. పర్యావరణం, ఉద్యమాలు అనేవాళ్ళకి ఓరిజిత్ సేన్ గీసిన రివర్ ఆఫ్ స్టోరీస్. నర్మద ఆనకట్ట గొడవ మీద 1994లో వచ్చింది. మన దేశపు మొదటి గ్రాఫిక్ నవలగా చాలామంది దీన్నే చెప్తారు. చాన్నాళ్ళు దొరకలేదు, 2022లో చెన్నైకి చెందిన బ్లాఫ్ట్ మళ్ళీ అచ్చు వేసింది.

సూపర్‌హీరో సినిమాలు మొదటిరోజే చూసేవాళ్ళని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. "సినిమా చూశాను కదా, ఇంక కామిక్ ఎందుకు" అనేది వీళ్ళే. వీళ్ళ సంగతి కొత్త పుస్తకాల దగ్గర చెప్తాను.

భక్తి పుస్తకాలు చదివే పెద్దవాళ్ళ దగ్గర చిన్న జాగ్రత్త. ఒసాము తెజుకా బుద్ధ అద్భుతమైన పుస్తకం, ఇంగ్లీషులో ఎనిమిది వాల్యూములు. పేరు చూసి మా పెద్దమ్మకి ఇవ్వబోయి ఆఖరి నిమిషంలో ఆగాను. మొదటి వాల్యూమ్‌లో ఎక్కువ భాగం బుద్ధుడి కథే కాదు, చాప్రా అనే బానిస కుర్రాడి కథ. ఆడవాళ్ళ ఒంటిమీద చాలాచోట్ల పైబట్ట ఉండదు. సీరియస్ సన్నివేశం మధ్యలో తెజుకా ఈ కాలపు జోకులు వేస్తాడు. ఇవన్నీ నాకు ఇష్టం. పెద్దమ్మకి ఇష్టం కావాల్సిన పనిలేదు.

"ఇవి పిల్లల పుస్తకాలు కదా" అంటే

అంటారు. వాదించకండి. మన ఇళ్ళలో బొమ్మలున్న పుస్తకం అంటే 1947 జులైలో మొదలైన చందమామ, ఆ తర్వాత 1967 నుంచి అమర్ చిత్ర కథ. రెండూ పిల్లల చేతికే వచ్చాయి. కాబట్టి వాళ్ళన్నదాంట్లో తప్పేం లేదు. అసలు ఆ జ్ఞాపకాన్నే పట్టుకోండి. చందమామలో వడ్డాది పాపయ్య ముఖచిత్రం, చిత్రా, శంకర్ బొమ్మలు గుర్తున్నాయా అనండి. భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడకుండా ఆ కథ చదివినవాళ్ళు ఎవరున్నారు? బొమ్మ పక్కన ఉంటే కథ ఎలా తలకెక్కుతుందో తెలుగువాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ మాట అయ్యాక మౌస్ అనే పుస్తకం తెరిచి ఒక పేజీ చూపించండి. ఆర్ట్ స్పీగల్‌మన్ తండ్రి నాజీల మరణశిబిరం నుంచి బతికి బయటపడ్డ యూదుడు. ఆయన చెప్పిన కథని కొడుకు గీశాడు. యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు, పోలండ్‌వాళ్ళు పందులు. పోలండ్‌వాళ్ళలా నటిస్తూ తప్పించుకు తిరిగే యూదులు పంది ముసుగు వేసుకుని కనబడతారు. వెనకాల ముడి కూడా కనబడుతుంది. ఆ ముడి ఉన్న బొమ్మ చూపిస్తే చాలు. 1992లో దీనికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చిందన్న సంగతి తర్వాత చెప్పొచ్చు. మా ఆఫీసులో ఒకాయన ముడి చూసే పుస్తకం తీసుకున్నారు. పులిట్జర్ అంటే జర్నలిస్టులకి ఇచ్చేదనే అనుకున్నారాయన.

ఒక్కటే ఇవ్వండి, అదీ కథ పూర్తయినది

కొత్తవాళ్ళకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. అమెరికా కామిక్ నెలకొకటిగా ఇరవై పైచిలుకు పేజీలతో పల్చగా వస్తుంది. అలాంటివి ఐదారు కలిపి కుట్టి ఒక పుస్తకంగా వేస్తారు, దాన్ని ట్రేడ్ పేపర్‌బ్యాక్ అంటారు. ఇంకా చాలా కలిపి ఇటుకలా వేస్తే ఆమ్నిబస్. పడుకుని చదువుతూ నిద్రలోకి జారుకున్నప్పుడు ఆమ్నిబస్ మొహం మీద పడితే ముక్కు ఏమవుతుందో నాకు తెలుసు. కొత్తవాళ్ళకి ఆమ్నిబస్ వద్దు.

మాంగా, అంటే జపాన్ కామిక్స్, లెక్క వేరు. ఒక్కో వాల్యూమ్ దాదాపు రెండొందల పేజీలు, చేతిలో ఇమిడే సైజు, నలుపు తెలుపు. కానీ సాగుతూనే ఉంటుంది. వన్ పీస్ 1997లో మొదలైంది, వంద వాల్యూములు దాటింది, ఇంకా అవ్వలేదు. "ముందు ఓ యాభై వాల్యూములు చదువు, తర్వాత అసలు మజా" అని చెప్పే అభిమానులు నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలా చెప్పినవాణ్ణే. అది సిఫార్సు కాదు, శిక్ష. మాన్‌స్టర్ కూడా పద్దెనిమిది వాల్యూములు, అందుకే ముందు మొదటి రెండే ఇవ్వండి. మూడోది మీ దగ్గర పెట్టుకోండి. మీకు ఫోన్ వచ్చిందా, మనిషి దొరికినట్టు.

మాంగా ఇస్తుంటే కుడి నుంచి ఎడమకి చదవాలని చెప్పడం మర్చిపోకండి. పుస్తకం వెనక అట్ట అనుకున్నదే ముందు అట్ట, పేజీలోనూ కుడి పై మూల గడి నుంచి మొదలు. చాలా పుస్తకాల్లో తప్పు వైపు నుంచి తెరిస్తే "ఆగండి" అని ఒక పేజీ ఉంటుంది గానీ, అది చూడకుండా మధ్యలో తెరిచి, జవాబు ముందు, ప్రశ్న తర్వాత చదువుకున్నవాళ్ళున్నారు.

ఒకే పుస్తకంలో మొదలై అక్కడే ముగిసేవి మొదటిసారికి మేలు. పెర్సెపోలిస్ అలాంటిదే. బ్రెజిల్ కవలలు ఫాబియో మూన్, గాబ్రియెల్ బా చేసిన డేట్రిప్పర్ ఇంకోటి. పత్రికలో చనిపోయినవాళ్ళ గురించి రాసే ఉద్యోగి కథ. ఇందులో ఏముందని అడిగితే ఇంతకుమించి చెప్పకండి. మొదటి అధ్యాయం చివర్లో వాళ్ళ మొహం చూడ్డం కోసమైనా పక్కనే ఉండండి.

ఇంగ్లీషు అడ్డమొస్తే

మనకి ఇదొక పెద్ద చిక్కు. పెద్దలకోసం తెలుగులో వచ్చిన గ్రాఫిక్ నవలలు చాలా తక్కువ. పక్కనున్న తమిళులని చూస్తే కుళ్ళుగా ఉంటుంది. శివకాశి నుంచి 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలై, యూరప్ కామిక్స్‌ని తమిళంలోకి తెచ్చి ఇప్పటికీ వేస్తున్నాయి. మనం ఇంగ్లీషులోనే ఇవ్వాలి. అలాంటప్పుడు ఇంగ్లీషు సులువుగా ఉన్నవి చూడాలి. పెర్సెపోలిస్ ఇంగ్లీషు పదో క్లాసు పిల్లలకీ అర్థమవుతుంది. వాచ్‌మెన్‌ది అర్థం కాదు.

ఇంగ్లీషు అసలే రాని వాళ్ళకి? షాన్ టాన్ 2006లో తెచ్చిన ది అరైవల్. అందులో మాటలే లేవు.

మా అమ్మ వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ పుస్తకం ఒళ్ళో పెట్టాను. మొదటి పేజీలో తొమ్మిది చిన్న బొమ్మలు. కాగితంతో మడిచిన పిట్ట, గోడ గడియారం, టోపీ, గిన్నె, పిల్ల గీసిన బొమ్మ, బీటలిచ్చిన టీ కెటిల్, ఇలా. చివరికి పెట్టె, ఇంట్లోవాళ్ళ ఫోటో. అమ్మ ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టుకుంటూ వచ్చింది. పెట్టె దగ్గర వేలు ఆగింది. "ఇల్లు వదిలిపోతున్నాడు కదూ" అంది. నేనేం చెప్పలేదు. మా అన్నయ్య డల్లాస్ వెళ్ళేముందు రోజు రాత్రి హాల్లో తెరిచి పెట్టిన పెట్టె నాకూ గుర్తొచ్చింది.

ఆ మనిషి ఓడెక్కి కొత్త ఊరు చేరతాడు. అక్కడి అక్షరాలు ఏ భాషవీ కావు, షాన్ టాన్ సొంతంగా కల్పించినవి. దాంతో చదివేవాళ్ళకీ ఆ బోర్డులు అర్థంకావు. గది కావాలని అడగడానికి అతను నోటుబుక్కులో మంచం బొమ్మ గీసి చూపిస్తాడు. అమ్మ అక్కడ నవ్వింది. "పాపం, వీడికీ నాలాగే బోర్డులు చదవడం రాదు" అంది. డల్లాస్‌లో మూడు నెలలుండి వచ్చిన మనిషి. ఆ సాయంత్రం టీ లేటయింది.

ఇంగ్లీషులో ప్రొఫెసర్లయినా సరే, ఈ పుస్తకం ఇవ్వండి. మాటల బుడగలు చదివేసి బొమ్మలు దాటేసే అలవాటు ఉన్నవాళ్ళకి అది పోతుంది. పుస్తకాలు ఎక్కువ చదివేవాళ్ళకే ఈ జబ్బు ఎక్కువ. రెండొందల పేజీల గ్రాఫిక్ నవల నలభై నిమిషాల్లో అయిపోయిందని గొప్పగా చెప్తారు.

ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి

కథ చెప్పకండి. కానీ లోపల ఏముందో కొంత చెప్పాలి. ఈ రెండింటికీ తేడా ఉంది.

కేట్ బీటన్ 2022లో తెచ్చిన డక్స్ తీసుకోండి. కెనడాలో కేప్ బ్రెటన్ అనే చోట పుట్టిన అమ్మాయి, చదువు అప్పు తీర్చడానికి దేశం ఆ చివర అల్బర్టాలో ఇసుకలోంచి నూనె తీసే క్యాంపులకి పనికి వెళ్తుంది. ఎడ్యుకేషన్ లోన్ నెత్తిమీద పెట్టుకుని విమానం ఎక్కిన పిల్లలు ప్రతి వీధిలో ఉన్న మనకి ఇంతకంటే దగ్గరి కథ దొరకదు. అందుకే మా కొలీగ్ ఒకావిడకి ఇచ్చాను. లోన్ సంగతి చెప్పాను గానీ, అంతా మగవాళ్ళే ఉండే ఆ క్యాంపుల్లో ఆ అమ్మాయి మీద లైంగిక వేధింపులు, దాడి కూడా ఉన్నాయని చెప్పలేదు. ఆవిడ మర్నాడు పుస్తకం తెచ్చి టేబుల్ మీద పెట్టి, "ముందు చెప్పి ఉండాల్సింది" అంది. నిజమే. చెప్పి ఉంటే సగం దాకా చదివి అలా ఆగిపోయేది కాదు, తనకి వీలైనప్పుడు తీసేది.

కాబట్టి హింస, లైంగిక దాడి, పసివాళ్ళ మరణం, ఆత్మహత్య లాంటివి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేయండి. మాటల్లో చదివినదానికంటే బొమ్మలో చూసినది ఎక్కువ రోజులు వెంటాడుతుంది. మౌస్‌లో రచయిత తల్లి ఆత్మహత్య గురించి నాలుగు పేజీలు వస్తాయి. వాటిలో ఎలుకలుండవు, మనుషులే ఉంటారు. ఆ నాలుగు పేజీలు నేను మళ్ళీ చూడాలనుకోను.

ఇంట్లో పిల్లలుంటే ఇంకో మాట. బొమ్మలు కనబడితే వాళ్ళు తెరుస్తారు. పెద్దల పుస్తకమైతే పై అరలో పెట్టమని చెప్పండి.

ఎక్కడ కొనాలి

దిగుమతి పుస్తకాలు ఒక్కోటి వెయ్యి దాటడం మామూలే. అందుకే అంత డబ్బు ముందే పెట్టించకండి, మీ కాపీ ఇవ్వండి. నచ్చాక కొనుక్కుంటారు.

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. తొందరగా వెళ్ళాలి. కుప్పలో కిందకి చెయ్యి పెట్టి తియ్యాలి. ఒక మాంగా సిరీస్‌లో ఏడో వాల్యూమ్ ఒక్కటే దొరుకుతుంది, మిగతావి ఈ జన్మలో దొరకవు. అయినా కొంటాం. విజయవాడవాళ్ళకి లెనిన్ సెంటర్ ఉంది. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం తప్పకుండా తిరగండి. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్స్ మేళా కామిక్ కాన్ ఇప్పుడు హైదరాబాద్‌కూ వస్తుంది. అక్కడ బొమ్మలు, టీషర్టులే ఎక్కువ అమ్ముతారు గానీ, మన దేశంలో సొంతంగా కామిక్స్ గీసేవాళ్ళ బల్లలు ఒక వరసలో ఉంటాయి. నేరుగా వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. గీసినవాళ్ళే అమ్ముతారు, సంతకం పెట్టి ఇస్తారు.

పాత పుస్తకం కొనేటప్పుడు మధ్య పేజీలు తెరిచి చూడండి. గ్రాఫిక్ నవలలో ఒక బొమ్మ రెండు పేజీల మీదుగా పరుచుకుని ఉంటుంది. కుట్టు బిగుసుకుపోతే ఆ మధ్యలో ఉన్న మొహం లోపలికి మింగుకుపోతుంది. పేజీలు ఊడుతున్నాయేమో వేలితో మెల్లగా లాగి చూడండి.

ఫోన్‌లో అయితే జపాన్ ప్రచురణకర్త షుయెయిషా నడిపే మాంగా ప్లస్ ఉంది. నడుస్తున్న సిరీస్‌ల మొదటి మూడు, తాజా మూడు అధ్యాయాలు ఉచితం. రుచి చూడ్డానికి అది చాలు. దొంగ స్కాన్ సైట్లు అందరికీ తెలుసు, నేనూ చూశాను. పేజీకి పది యాడ్‌లు, అనువాదం చూస్తే ఎవరో నిద్రలో చేసినట్టుంటుంది. కొత్తవాళ్ళ మొదటి అనుభవం అది కాకుండా చూడండి.

కొత్తవి వస్తున్నాయంటే

అమెరికాలో కొత్త కామిక్స్ బుధవారం షాపుల్లోకి వస్తాయి. ఆ బుధవారం మనకి గురువారం టెన్షన్. అందరూ చదివేశారు, మనమే మిగిలిపోయామన్న కంగారు. ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నది, ఆగడం. మొదటి సంచికకి పది రకాల అట్టలు వేస్తారు, లోపల కథ ఒకటే. అట్టలు సేకరించే సరదా ఉంటే సరే, లేకపోతే ఆ ఐదారు సంచికలు కలిపి పుస్తకంగా వచ్చేదాకా ఆగండి. ఈలోగా హడావుడి తగ్గుతుంది. ఆరు నెలల తర్వాత కూడా జనం దాని గురించి మాట్లాడుకుంటుంటే అప్పుడు కొనొచ్చు.

కొత్తవాటిలో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది చదవడానికి ముందు కథ తెలియాలా? బాట్‌మన్ 1939 నుంచి ఉన్నాడు. అంత చరిత్ర ఎవడు చదువుతాడు? 2024 అక్టోబరులో స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోట్టా మొదలుపెట్టిన ఆబ్సల్యూట్ బాట్‌మన్ ఆ చరిత్రతో పనిలేకుండా నడుస్తుంది. ఇందులో బ్రూస్ వేన్‌కి కోట్లు లేవు, బంగళా లేదు, తల్లి బతికే ఉంది. ఇందాక చెప్పిన సూపర్‌హీరో సినిమా అభిమానులకి నేనిప్పుడు ఇచ్చేది ఇదే. తెలిసిన మనిషి, తెలియని కథ. సినిమాలో చూసేశానని అనడానికి వీల్లేదు.

సూపర్‌హీరోలు కానివాటికి, కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డుల నామినేషన్ల జాబితా చూడండి. 1988 నుంచి ఇస్తున్నారు, ప్రతి జులైలో శాన్ డియాగో కామిక్ కాన్‌లో ప్రకటిస్తారు. గెలిచినవాటికంటే నామినేషన్ల జాబితాలోనే నాకు ఎక్కువ దొరికాయి. 2025లో పులిట్జర్ ఆత్మకథల విభాగంలో టెస్సా హల్స్ ఫీడింగ్ గోస్ట్స్ గెలిచింది. చైనా నుంచి పారిపోయి వచ్చిన అమ్మమ్మ, అమ్మ, తను, మూడు తరాల ఆడవాళ్ళ కథ. పేజీలు కిక్కిరిసి ఉంటాయి, నలుపు ఎక్కువ, అచ్చు కూడా ఎక్కువే. మొదటి పుస్తకంగా వద్దు, ఐదో ఆరోదో చేసుకోండి.

చదివాక ఎలా మాట్లాడుకోవాలి

మేం ఐదుగురం నెలకో ఆదివారం సాయంత్రం ఒకళ్ళ ఫ్లాట్‌లో కూర్చుంటాం. మొదట్లో ఆ కూర్చోవడం ఎలా ఉండేదంటే, పావుగంట కథ, ఇంకో పావుగంట "సినిమాలో అలా లేదు", మిగతా గంటన్నర మిర్చి బజ్జీ. మాంగావాళ్ళు ఒకవైపు, సూపర్‌హీరోవాళ్ళు ఒకవైపు. ఎన్నికల టైమ్‌లో టీ కొట్టు దగ్గరా ఇదే ఉంటుంది.

తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతివాళ్ళూ ఒక పేజీ ఎంచుకుని వస్తారు. కథ గురించి కాదు, ఆ పేజీ గురించే మాట్లాడాలి. పెర్సెపోలిస్ వంతు వచ్చినప్పుడు ఒకతను మొదటి పేజీ తెరిచాడు. మొదటి గడిలో పదేళ్ళ మర్జి, తలమీద ముసుగుతో. రెండో గడిలో క్లాసు పిల్లల ఫోటో, తను ఎడమ చివర కూర్చున్నాను కాబట్టి కనబడనని చెప్తుంది. గడి అంచు ఆమెని కోసేసింది. "నా గురించి చెప్తానంటూ మొదలుపెట్టి, రెండో బొమ్మలోనే తనని తీసేసిందేంటి?" అన్నాడు. గంట మాట్లాడాం. బజ్జీలు చల్లారిపోయాయి.

భీమాయన పెట్టుకున్న ఆదివారం ఇంకా బాగా జరిగింది. అంబేడ్కర్ జీవితాన్ని ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గీశారు, 2011లో నవయాన వేసింది. ఇందులో గడులు లేవు. పాత్రలని డబ్బాల్లో బంధించబోమని ఆ చిత్రకారులు ముందే తేల్చి చెప్పారు. "మరి ఏది ముందు, ఏది తర్వాత ఎలా తెలుస్తుంది?" అని మాలో ఒకతను విసుక్కున్నాడు. ఇంకొకావిడ మాటల బుడగలు చూడమంది. మంచి మాటల బుడగ పిట్ట ఆకారంలో ఉంది. కులం పేరుతో కుట్టే మాటల బుడగకి తేలు కొండి ఉంది. అప్పటిదాకా మేమెవరం గమనించలేదు, చదివేశాం అంతే. విసుక్కున్నతనే పుస్తకం లాక్కుని మొదటి నుంచీ కొండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

మీరూ ఇలా కూర్చుంటే, మాట ముందుకు కదలనప్పుడు అడగడానికి ఒక మంచి ప్రశ్న: రెండు గడుల మధ్య ఖాళీలో ఏం జరిగింది? స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్‌గానే ఒక పుస్తకం గీశాడు. అందులో ఒక గడిలో గొడ్డలి ఎత్తిన మనిషి, పక్క గడిలో ఊరి మీదుగా ఒక కేక. గొడ్డలి దింపింది ఎవరు? చదివేవాడే అంటాడు. మీ పుస్తకంలో అలాంటి ఖాళీ ఒకటి వెతకమనండి. ఒక్కొక్కళ్ళు ఒక్కో రకంగా ఊహించుకుని ఉంటారు, దాంతో మాటలు వాటంతటవే నడుస్తాయి.

పూర్తి చెయ్యనివాళ్ళని రావద్దనకండి. ఎన్నో పేజీ దాకా వచ్చారో ముందే అడిగి, అక్కడిదాకానే మాట్లాడి, తర్వాత వాళ్ళని టీ పెట్టడానికి పంపి మిగతాది మాట్లాడుకోండి. "బొమ్మలు నచ్చలేదు" అని ఎవరైనా అంటే వదిలెయ్యకండి. గీత నచ్చలేదా, రంగులా, మొహాలు ఒకేలా ఉండి ఎవరెవరో తెలీలేదా? ఈ మూడోది నిజంగా పుస్తకం తప్పు కావచ్చు. ఆ మాట పైకి అనడానికి కొత్తవాళ్ళు మొహమాటపడతారు, తమకే అర్థం కాలేదనుకుంటారు.

పుస్తకం తిరిగి రావాలంటే

లోపలి అట్ట మీద మీ పేరు, ఇచ్చిన తేదీ పెన్సిల్‌తో రాయండి. ఎవరికిచ్చారో ఫోన్‌లో కూడా రాసుకోండి. నేను పెర్సెపోలిస్ ఇప్పటికి రెండుసార్లు కొన్నాను. మొదటిది ఎవరి దగ్గరుందో గుర్తులేదు. రెండోది ఎవరి దగ్గరుందో తెలుసు గానీ, ఆవిడ వాళ్ళ చెల్లెలికి ఇచ్చిందట, ఆ చెల్లెలు హాస్టల్లో రూమ్‌మేట్‌కి.

వాచ్‌మెన్ మాత్రం నా దగ్గరే ఉంది. మా బాబాయి కొడుక్కి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఆబ్సల్యూట్ బాట్‌మన్ ఇచ్చాను, పట్టుకెళ్ళాడు. పోయిన నెల రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: "అన్నయ్యా, ఇందులో జోకర్ సంగతేంటి? రెండో వాల్యూమ్ నీ దగ్గరుందా?" ఉంది. పండక్కి వచ్చినప్పుడు ఇస్తానన్నాను. బస్సు టికెట్ ఉన్న ఆ పుస్తకాన్ని కూడా పక్కనే పెట్టి ఉంచాను. అడిగితే ఇస్తాను.